అవ్వ నెత్తి మీద రాజుగారి చెయ్యి

మా పక్క క్వార్టరు అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. గుండె ఆగిందని దవాఖాన వాళ్లు చెప్పారు. ఆగేముందు, సూది వేయబోయిన నర్సమ్మ చెయ్యి మెలితిప్పిందట. నర్సమ్మ మణికట్టుకు కట్టు కట్టుకుని మరీ చావుకు వచ్చి, అందరికన్నా గట్టిగా ఏడ్చింది. భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీలో అవ్వ చేతి దెబ్బ తినకుండా పెద్దయినవాళ్లు లేరు. కాబట్టి ఈ నివాళిని మా అందరి వీపుల తరఫున సవినయంగా సమర్పిస్తున్నాను.

అవ్వది టేకుమట్ల. బాయిలో పని దొరికిన మొగుడి వెంట ఇక్కడికొచ్చింది. డిగ్రీ పాసయ్యానని లడ్డూలు తీసుకెళ్తే, ముందు వీపు మీద ఒకటి వేసి, తర్వాత నా లడ్డూ నా నోట్లోనే కుక్కింది.

"ఎందుకవ్వా కొడ్తవ్?"

"నేను కొట్టిన్నంటే నువ్వు నా మనిషివన్నట్టురా. పరాయోళ్లను కొడ్తే కేసైతది."

న్యాయశాస్త్రాన్ని ఇంత క్లుప్తంగా మా లెక్చరర్లెవరూ చెప్పలేకపోయారు. తాగి వచ్చి పెళ్లాన్ని తన్నే వెనక వీధి మనిషిని ఒకనాడు రోడ్డు మీదికి ఈడ్చి, చెప్పు తెగేదాకా కొట్టింది. తర్వాత అతనితోనే ఆ చెప్పు కుట్టించింది. అవ్వ భర్త, మేమంతా తాత అని పిలిచే మనిషి, అరుగు మీద కూర్చుని "జర మెల్లగనే" అంటుండేవాడు. తాత గొంతు పెంచగా ఎవరమూ వినలేదు.

చావింటికి టెంటు కూడా రాకముందే కాలనీ గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. "రాజావారి ఆశీస్సులు పొందిన పుణ్యమూర్తికి కన్నీటి నివాళి" అని రాసి, కింద ఒక పాత నలుపు తెలుపు ఫొటోను నిలువెత్తున వేశారు. సూటు తొడిగి వంగిన రాజుగారు, ఆయన కాళ్ల దగ్గర పడుచు వయసు అవ్వ, ఆమె నెత్తి మీద ఆయన చెయ్యి. ఆమె పాపిట నుంచి ముక్కు దాకా నల్లగా ఒక చార. ఫ్లెక్సీ కొట్టించిన మా కాలనీ యువనాయకుడు ఆ చారకు కంప్యూటర్‌లో ఎర్ర రంగు వేయించి, కుంకుమ చేసి పెట్టాడు.

అది కుంకుమ కాదు. అవ్వ బతికినంతకాలం కొట్లాడింది ఈ ఒక్క మాట కోసమే. కంపెనీ గెస్ట్‌హౌస్ గోడ మీద ఆ ఫొటో ఉండేది. అవ్వ రోకలి పట్టుకెళ్లి అద్దం పగలగొట్టి వచ్చింది. వాళ్లు కొత్త అద్దం వేయించారు. మళ్లీ పగలగొట్టింది. చివరికి ఆమెకు అందనంత ఎత్తులో మేకు కొట్టారు.

రాజుగారు వచ్చిన రోజు గురించి మా ఊళ్లో ఎవరి కథ వాళ్లకుంది. "రాజు మా నాయిన కొట్లోనే సోడా తాగిండు" అంటాడు కిరాణా సేటు. కిరీటం కళ్లారా చూశానంటాడు క్షవరం చేసే పెద్దాయన. అవ్వను అడిగితే మాత్రం, "నేను బూట్లే జూసిన. మస్తు మెరుస్తున్నయ్. నా నెత్తురు పడితే తుడుసుకున్నడు" అనేది.

జరిగింది ఇది. బాయి సైరన్ షిఫ్టు మారేటప్పుడు మోగుతుంది. వేళగాని వేళ మోగిందంటే లోపల పైకప్పు కూలిందని అర్థం. అప్పుడు పొయ్యి మీద అన్నం ఉన్నా, ఒంటి మీద సబ్బు ఉన్నా, బాయి దిక్కు ఉరకడమే. ఎక్కడో ఉత్తరాది సంస్థానపు పాత రాజుగారు అతిథిగా వస్తున్నారని తెలిసి, కొత్తగా బదిలీ మీద వచ్చిన మేనేజరు ఘనస్వాగతం తలపెట్టాడు. బాకాలు దొరకలేదు. సైరన్ ఊదమన్నాడు.

తాత ఆ షిఫ్టులో కింద ఉన్నాడు. నల్లా దగ్గర బట్టలు ఉతుకుతున్న అవ్వ చేతిలో కర్రతోనే ఉరికింది. వెనక కాలనీ ఆడవాళ్లంతా, ఎవరి చేతిలో ఏముంటే దానితో. కారు దిగుతున్న రాజుగారికి గరిటెలు, చీపుర్లు, ఒక కత్తిపీట, అరుపులతో మీదికి దూసుకొస్తున్న సైన్యం కనిపించింది. పోలీసుల లాఠీలు లేచాయి.

"నా మొగడు లోపలున్నడు! ఇడిసిపెట్టుండ్రి!" అని అవ్వ అరిచింది.

"రాజుగారి మీదికే వస్తవా?" అని ఒక పోలీసు ఆమె నెత్తి మీద కొట్టాడు. నెత్తి పగిలింది. అవ్వ కర్ర తిప్పి కొడితే అతని ముందరి పళ్లు రాలాయి. నెలలు నిండిన ఒకామె కంకర మీద బోర్లా పడింది. ఆమె మీది నుంచే బూట్లు పరుగెత్తాయి. ఆ బిడ్డ దక్కలేదు.

రెండో దెబ్బకు అవ్వ రాజుగారి కాళ్ల దగ్గర కూలింది. "ఎందరు సచ్చిన్రు? మా ఆయన ఉన్నడా, లేడా?" అని అడుగుతూనే ఉంది. ఈమెకు ఏం కావాలని రాజుగారు ఇంగ్లీషులో అడిగారు. మీ దీవెన కావాలంటోంది ప్రభూ, అన్నాడు మేనేజరు. పక్కనున్న గుమాస్తా తర్వాత చెప్పబట్టి ఇది తెలిసింది. రాజుగారు చెయ్యి చాపారు. ఫొటో తీశారు.

ఆ మరుక్షణం ఏ ఫొటోలోనూ లేదు. అవ్వ ఆ చేతిని పళ్లు దిగేలా కొరికి, పడుతూ లేస్తూ బాయి నోటి దాకా పోయింది. కింద ఉన్నవాళ్లకు అసలు సైరన్ వినపడనే లేదు. షిఫ్టు ముగించి, టిఫిన్ గిన్నె ఊపుకుంటూ బయటికొచ్చిన తాత, "ఏందే, రాజును సూడొచ్చినవా?" అన్నాడు. అవ్వ అతని చెంప పగలగొట్టి, అదే చెంపను రెండు చేతులతో పట్టుకుని కూలబడింది.

"ఎందుకు కొట్టినవని అడగలేదా తాతా?" అని ఒకసారి అడిగాను.

"అడుగుడెందుకు బిడ్డా? నేను బతికున్ననని దానికి ఎర్కయింది."

పేపర్లో మాత్రం రాజదర్శనానికి ఎగబడిన జనం అని వచ్చింది. కేసు అవ్వ మీద పడింది.

మంగళవారం మధ్యాహ్నం తాత వెళ్లి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. "తీసెయ్ బిడ్డా" అన్నాడు.

"ఏందే తాతా, ఇజ్జత్‌తోని వెట్టినం" అన్నాడు యువనాయకుడు. "రాజు చెయ్యివెట్టిన మనిషి మన కాలనీల ఇంకెవరున్నరు?"

"అది నెత్తురు బిడ్డా."

"గిప్పుడెవరికెర్క తాతా? కుంకుమ లెక్కనే మంచిగ కనబడ్తున్నది."

తాత ఇంట్లోకి పోయి కత్తి తెచ్చాడు. అడ్డొచ్చిన పిలగాణ్ని తోస్తే మురుగు మోరీలో పడ్డాడు. నాయకుడు కత్తినే పట్టుకుని గుంజితే అతని అరచెయ్యి చీరుకుపోయింది. "తాతకు పిచ్చి లేసింది!" అని అరుస్తూ మిగతావాళ్లు చెదిరిపోయారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. తాత అవ్వను మాత్రం చుట్టూ కోసి తీసుకున్నాడు. నల్లా కింద పెట్టి ఆ ఎర్ర రంగును గోళ్లతో గీకాడు. మొత్తం పోలేదు. పోయినంతమటుకు పోనిచ్చి, చుట్టగా చుట్టి, అవ్వ చెయ్యి కింద పెట్టాడు. అది ఆమెతో పాటే మట్టిలోకి పోయింది.

ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు. రాజుగారు ఇంకా వంగి, నవ్వుతూ, చెయ్యి చాపే ఉన్నారు. చెయ్యి కింద మనిషంత కంత. అందులోంచి ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట కనిపిస్తుంది. అటు నుంచి గాలి వీచినప్పుడల్లా ఆ కంతలోంచి దుమ్ము కాలనీలోకి వస్తుంది, రాజుగారి చెయ్యి వణుకుతుంది.