చెట్టు మీంచి కనిపించిన బడి

మా బావ గోవిందరావు కొబ్బరిచెట్టెక్కితే ఊరికి మైకు పెట్టినట్టే. పూండి దగ్గర మా పేటలో మీటింగు ఉందంటే, కాయలు కోసి దింపు తీస్తూ పైనుంచి ఒక్క కేక వేస్తాడు. జీడితోటల్లో పిక్కలు ఏరేవాళ్లు కూడా తలెత్తి వింటారు. చదువు చూసి కాదు, ఆ గొంతు చూసే పేటంతా ఆయన్ని బడి కమిటీకి చైర్మన్ చేసింది.

ఆ గొంతు వినపడనిది పేటలో ఒక్కరికే, ఆయన కూతురు ప్రియకి. పుట్టుకతోనే చెవులు పనిచెయ్యవు. పేట బడిలో ఐదు తరగతులకీ నీలవేణి టీచరు ఒక్కతే అయినా, ప్రియని ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదాలు కనబడేలా చెప్పేది. పిల్ల అలాగే రెండో తరగతి దాటింది.

ఈ ఏడు మూడు నుంచి పై తరగతులన్నీ వాగు దాటి, గెడ్డ అవతల పెద్ద బడిలో కలిపేస్తామన్నారు. అక్కడ తరగతికో టీచరు ఉంటారు, వినపడని పిల్లల కోసం శుక్రవారం శుక్రవారం సైగలు నేర్పే వేరే టీచరు వస్తుంది. కమిటీ ఒప్పుకోవాలి. బావ నీలవేణి టీచర్ని అడిగితే ఆవిడ "మంచిదే" అని, మళ్లీ "చూడండి మరి" అంది. మండలం నుంచి వచ్చినాయన నాణ్యత అన్నాడు, సమ్మిళిత విద్య అన్నాడు. అందులో తన కూతురు ఎక్కడుందో బావకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆ వచ్చినాయనకి మాత్రం అయిందంటే నేను నమ్మను.

మీటింగులో సింహాచలమ్మ లేచింది. "పిల్లలు అంత దూరం ఎలాగెల్తారు సైర్మనూ? తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతన్నాయి."

"దూరమేటి పిన్నీ, నా సెట్టు మీంచి సూత్తే బడి సేతికందినట్టుంటాది" అన్నాడు బావ.

చెట్లెక్కేవాడి లెక్క అది. పైనుంచి గెడ్డ సన్నటి గీత, తోటలు పరిచిన చాప. నడిచేవాళ్ల దారి గెడ్డ చుట్టూ తిరిగి, ఇసకలో పడి, జీడిపొదల మధ్యనుంచి పోతుందని ఆయనకి తెలియక కాదు. పైనుంచి చూసి చూసి ఆ కళ్లకి అలవాటైపోయింది. ఆయన గొంతు విని అందరూ చేతులెత్తారు.

బడి మారిన మొదటి శుక్రవారం ప్రియ ఇంటికొచ్చి, వాళ్లమ్మ తనూజ ముందు నిలబడి చేతులతో ఏదో చూపించింది. అమ్మా అని పిలవడమట. తనూజ ఏడుపు ఆపుకోలేకపోయింది. మిగతా రోజుల్లో మాత్రం పిల్ల వెనక బెంచీలో కూర్చుని, బోర్డు వైపు తిరిగి చెప్పే టీచరు వీపు చూసి వస్తోందని తర్వాత తెలిసింది.

"నాను మంచి సేసేనా, సెడ్డ సేసేనా? నువ్వు సెప్పు బావా" అని అడిగాడు నన్ను.

"నాకేటి తెలుసు" అన్నాను.

మొన్న గురువారం ఎలుగు తిరుగుతోందని కబురొచ్చింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి బావ దారి పక్క చెట్టెక్కాడు, నేను కింద నిలబడ్డాను. పిల్లలు కనబడ్డారు. ముందున్న పొదలో నల్లగా ఏదో కదిలింది.

"ఆగండర్రా" అని కేకేశాడు.

తోట అదిరింది. పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగి తలెత్తారు. ప్రియ ఒక్కతే సంచి ఊపుకుంటూ ఆ పొద వైపే నడిచింది. బావ మళ్లీ అరిచాడు, ఇంకా గట్టిగా అరిచాడు. నేను పరిగెత్తాను గానీ ఇసకలో కాళ్లు సాగలేదు. చివరికి సింహాచలమ్మ మనవరాలు వెళ్లి ప్రియ రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

పొదలోంచి వచ్చింది నల్ల దూడ.

బావ చెట్టు ఎలా దిగాడో, గుండె మీద చర్మమంతా గీసుకుపోయింది. కూతుర్ని ఒళ్లోకి లాక్కుని ఇసకలో కూలబడ్డాడు.

"ఊరందర్నీ ఒప్పించిన గొంతు నా కూతురు గుంటకి ఇనబడనేదు బావా. రేపట్నించి బడీ వద్దు, గిడీ వద్దు. మాన్పించేత్తాను."

ప్రియకి ఏం జరిగిందో తెలియదు. నాన్న ఏడవడం చూసి, ఆయన చెయ్యి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ మడిచి ఏదో నేర్పబోయింది. సగం వరకే వచ్చినట్టుంది, ఆగిపోయి గెడ్డ అవతలికి చూపించింది.

బావ ఆ సగం మడిచిన చేతిని అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"రేపు సుక్కురారం కదా" అన్నాడు.