మావయ్య ట్యాంకుకి లోడెత్తడం

మా కిరాణా కొట్లో ఒక్క అర ఖాళీగా కనిపిస్తే నాన్నకి జ్వరం వచ్చేది. లోపల సరుకున్నా లేకపోయినా ముందువరుస నిండుగా ఉండాలి, ఖాళీ కనిపిస్తే కొనేవాడికి లోకువవుతాం అనేవాడు. ఆ కొట్లో పెరిగినవాణ్ణి. అందుకే చేతికి ప్లాస్టిక్ ట్యాంకు వచ్చినా, నా కళ్ళు ముందు దాని మీద ఖాళీ జాగా కోసమే వెతికాయి.

ప్లాస్టిక్ ట్యాంకంటే పిల్లలు నేలమీద తోసుకునేది కాదు. అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు. ముక్కలుగా పెట్టెలో వస్తుంది, మనమే అతికించి రంగు వేసుకోవాలి. ఆ కొలతలో మనిషి రెండంగుళాలు కూడా ఉండడు. ఉప్పూ పప్పూ అమ్ముకునేవాడికి ఈ పిచ్చేమిటని మా ఆవిడ అడిగింది. దానికి జవాబు పొన్నూరులో మా మావయ్య ఇంట్లో, టీవీ పక్కన మేకుకి వేలాడుతుండేది. తెల్ల ఎనామెల్ మగ్గు. అంచుకి నీలం గీత, పిడి దగ్గర పెంకు లేచి నల్లటి మచ్చ.

మా అమ్మ తమ్ముడు మావయ్య. పటాలంలో ఉండగా రాజస్థాన్ ఇసుకలో టీ-55 ట్యాంకు తోలాడు. ఆయనతోపాటు ఆ మగ్గూ తిరిగింది. చిన్నప్పట్నుంచీ నా కన్ను దానిమీదే. ఎప్పుడడిగినా నవ్వి ఊరుకునేవాడు. కిందటి వేసవిలో మళ్ళీ అడిగితే, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. పాతరోజుల్లో మా మిర్చి యార్డులో బేరాలు అలాగే జరిగేవి. పక్కవాడికి తెలియకుండా, తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. మావయ్య వేళ్ళు నొక్కలేదు, అరచెయ్యి పట్టుకున్నాడు.

“నా బండి చేసి పట్రా అల్లుడూ. చూడంగానే, మేం ఇప్పుడే దిగి టీకి పోయినట్టుండాలి. ఉంటే మగ్గు నీది, బండి నాది.”

“లేకపోతే?”

“మగ్గూ నాదే, బండీ నాదే.”

సరేనన్నాను. బేరంలో నన్ను కొట్టేవాడు లేడని పదిమందిలో చెప్పుకుంటూ ఉంటాను. ఎటు తిరిగినా బండి ఆయనకే పోతుందన్న సంగతి బస్సు చేబ్రోలు దాటాక గానీ నాకు వెలగలేదు.

ట్యాంకు అతికించాను, ఇసుకరంగు వేశాను. బాగానే వచ్చింది, కానీ షోరూములోంచి దిగినట్టుంది. అందులో ఎవరూ అన్నం తిన్న ఆనవాలు లేదు. అసలు ట్యాంకంటే నలుగురు మనుషుల కాపురం. లోపల చోటు చాలదు కాబట్టి పక్కచుట్టలూ తార్పాలిన్లూ నీళ్ళ డబ్బాలూ బకెట్లూ అన్నీ బయటే కట్టుకుంటారు. ఆ సామాను కూడా బొమ్మ సైజులో తయారుగా దొరుకుతుంది. దొరికితే మాత్రం? చేత్తో చేసుకోగలిగినదాన్ని చెప్పిన ధరకి కొన్నానంటే మా వంశం ఊరుకోదు.

టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన తెల్ల జిగురులో తడిపి చుట్ట చుట్టాను. ఆరేసరికి అది తార్పాలిన్ అయి కూర్చుంది! ముడతలతో సహా, వాన తిని ఎండ తిన్న తార్పాలిన్. కొట్లో బేరమొచ్చినా లేవబుద్ధి కాలేదు. మాత్రల అట్ట వెనకరేకు కోసి బెల్టులు చేశాను. పాడైన ఛార్జర్ వైరులోని రాగిపోగు వంచి బెల్టులకి బకిల్స్ పెట్టాను. పుట్టీ ముద్ద చేసి దానిమీద మా ఆవిడ మంగళగిరి చీర కొంగు నొక్కితే సంచి నేత అచ్చంగా పడింది. కొంగుకి అంటిన పుట్టీ గురించి ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. గోనెసంచి పురికొసలోంచి ఒక్క పీచు లాగి వేళ్ళ మధ్య నలిపితే తాడు సిద్ధం. ఏది చూసినా ట్యాంకు సామానులాగే కనిపించేది. పళ్ళు తోముకుంటూ పేస్టు మూత చూసి, బకెట్ అనుకుని ఆగిపోయాను.

అన్నీ తయారయ్యాక లోడెత్తాను. మా కొట్టు యార్డుకి వెళ్ళే దారిలోనే ఉంది. మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీకెక్కడం పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్క టిక్కీ ఊగకూడదు, తాడు వేలితో మీటితే మోగాలి. అదే పద్ధతిలో వెనక ఇంజిను మీద సంచులు పేర్చి, పైన పక్కచుట్టలు వేసి, ఈ కొస నుంచి ఆ కొసకి అడ్డంగా నిలువుగా తాడు బిగించాను. ట్యాంకు మీద అంగుళం ఖాళీ లేదు. నాన్న చూస్తే మురిసిపోయేవాడు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని పొన్నూరు వెళ్ళాను. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని, బల్ల అంచుకి గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళు మెరవడం చూసి నేను మేకు వైపు చూశాను. మగ్గు దాదాపు నాదే. అప్పుడాయన ఒక్క వేలితో ఫిరంగి గొట్టాన్ని పక్కకి నెట్టాడు. కదల్లేదు. మళ్ళీ నెట్టాడు. ఊహూఁ. ఫిరంగి ఉండే పైభాగం, టరెట్ అంటారు, చుట్టూ గిర్రున తిరగాలి. నేను దాన్ని కింది ట్యాంకుకి కలిపి లారీ కట్టు కట్టేశాను.

“ఏరా, శత్రువు పక్కనుంచొస్తే? కాస్త ఆగవయ్యా, తాళ్ళు విప్పుకుంటాం అనాలా?”

నవ్వు మొదలైంది. ఇంజినుకి గాలి వెళ్ళే జల్లెడల మీద కూడా సంచులు పేర్చానని చూశాక ఆయనకి దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఇది యుద్ధానికి పోయే బండి కాదు, యార్డుకి పోయే బండి అన్నాడు. వంటింట్లోంచి అత్తయ్య వచ్చి, సంగతి విని, తనూ కలిసింది. నా చెవులు కాలిపోయాయి. మగ్గు మేకు మీదే ఉంది.

“బేరం ఇంకా తెగలేదు మావయ్యా, కత్తెర ఇవ్వు” అన్నాను.

పీచుతాళ్ళు కోశాను. జిగురు తడిచేసి సంచులు ఒక్కొక్కటే ఊడదీశాను. ఈసారి ఇద్దరం సర్దాం. టరెట్‌తో తిరగాల్సింది టరెట్ కమ్మీకే కట్టాం. జల్లెడలు వదిలేశాం. సగం సంచులు మిగిలిపోయాయి. ఖాళీ జాగా చూస్తే ప్రాణం విలవిల్లాడింది గానీ నోరు మూసుకున్నాను. కాసేపటికి ఆయన నా చేతిలోంచి పట్టకారు లాక్కున్నాడు. ఒక పక్కచుట్టని డ్రైవరు దిగే మూత పక్కన పెట్టి, ఇది నాది అన్నాడు. పక్కనున్న పెట్టె మూత తట్టి, సెలవు అయి తిరిగి వెళ్ళినప్పుడల్లా అమ్మ, అంటే మా అమ్మమ్మ, పెట్టిన పండుమిర్చి పచ్చడి డబ్బా ఇందులోనే దాచేవాడినని చెప్పాడు. బండిలో తోటి పంజాబీ ఆయన మొదటిరోజు ఆ కారానికి ఏడ్చాడట. తర్వాత రోజూ ఆయనే ముందుగా పెట్టె తీసేవాడట.

“మా బండిలో అందరికంటే తిండిపోతు వాడే” అన్నాడు మావయ్య.

మా బండి అన్నాడు! ఆయన వేలితో ఫిరంగిని తోశాడు. టరెట్ చుట్టలతో, డబ్బాలతో, తార్పాలిన్‌తో సహా మెల్లగా చుట్టూ తిరిగింది. ఒక్క సంచీ రాసుకోలేదు. ఇద్దరం మళ్ళీ తిప్పాం. మళ్ళీ తిప్పాం.

భోజనాలయ్యాక మావయ్య తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. కింద చల్లగా, గుండ్రంగా తగిలింది. బొటనవేలికి పెంకు లేచిన చోటు తెలిసింది. తువ్వాలు తీయబోయాను. ఆయన నా చెయ్యి వదల్లేదు.

“కొసరేదిరా? మగ్గు నువ్వు పట్టుకుపోతే నా బండిలో టీ దేంట్లో తాగాలి?”

మా కొట్లో తరతరాలుగా కొసరు వేసినవాళ్ళమే గానీ, ఇంత కష్టమైన కొసరు ఎవరూ అడగలేదు. మిరపగింజంత మగ్గు. రేకు చుట్టి చేశాను, నీలం గీత ఒక్క వెంట్రుకతో గీశాను. పిడి దగ్గర మచ్చ కుదిరేదాకా చేసినవన్నీ పారేశాను. ఈ ఉదయం కుదిరింది.

అగ్గిపెట్టెలో దూది వేసి దాన్ని పడుకోబెట్టి పొన్నూరు బస్సెక్కాను. అసలు మగ్గు మా ఇంట్లో మేకుకి భద్రంగా ఉంది. నా చెయ్యి మాత్రం మాటిమాటికీ చొక్కా జేబు తడుముకుంటోంది.