గేర్‌బాక్సు జ్వరం

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆయన్ని వీధిలో అందరూ మిల్లీగ్రాము గారు అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఒక్క బావమరిదికే ఉండేది. అతను మెకానిక్కు, చేతిలో ఎప్పుడూ స్పానరుంటుంది.

మనిషి మంచివాడే. ఒకరి జోలికి పోడు, ఒకరి సొత్తు ఆశించడు. కాకపోతే అంకె కనిపించని చోట ఆయనకు ఊపిరాడదు. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని భార్య అడిగితే "సరిపోవడమంటే ఎంత?" అని తిరిగి అడిగే రకం. రిటైరయ్యాక కొన్న పాత కారులో ఆయనకు గిట్టని వస్తువు ఒకటే, వేడి చూపించే ముల్లు. ఆ చివర చలి, ఈ చివర వేడి, నడిమధ్యన ముల్లు. అంకె అన్నది లేదు.

"ఎండలో అక్కడే, వానలో అక్కడే. ఇది ముల్లా, మా ఆఫీసు సూపరింటెండెంటా?" అని రోజూ సణుగుడు.

ఆ పోరు పడలేక బావమరిది అగ్గిపెట్టెంత ప్లగ్గొకటి తెచ్చి, స్టీరింగు కింద మోకాలికి తగిలే చోట సాకెట్లో గుచ్చాడు. బావగారి ఫోనులో యాప్ వేసి బ్లూటూత్ కలిపాడు. అంతే, ఇంజను వేడి, చక్రాల వేగం, బ్యాటరీ ఓల్టులు అన్నీ గుండ్రటి డయళ్లలో అంకెలుగా వచ్చి వాలాయి. మిల్లీగ్రాము గారికి కళ్లు చెమర్చినంత పనైంది.

మూడోనాటికి సందేహం పుట్టింది. "గేర్‌బాక్సు వేడి ఏదిరా?"

"అది యాప్ తనంతట తాను చూపించదు బావా. కోడ్, ఫార్ములా మనమే రాసి పెట్టుకోవాలి."

మనమే రాసుకోవాలి అన్న మాట ఆయనకు తేనెలా తోచింది. అదే మోడలు కారున్న పుణ్యాత్ముడెవరో ఇంటర్నెట్లో పెట్టిన కోడ్ వెతికి పట్టుకున్నాడు. పూర్తి పేరు, పొట్టి పేరు, కారుని అడగాల్సిన కోడ్, కనిష్ఠం, గరిష్ఠం, కొలమానం, ఒక్కో గడీ రెండు కళ్లద్దాలు మార్చి మార్చి నింపాడు. ఫార్ములా దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. 'ఏ మైనస్ నలభై' అని ఉంది. ఏ అంటే కారు పంపే అంకె. అందులోంచి నలభై తీసేసి చూపించాలట.

"ఎందుకు తియ్యాలి?" అని గోడనడిగాడు. బస్తాకింత అని తరుగు పట్టే షావుకార్ల వెంట ముప్పై ఒక్క ఏళ్లు పడ్డ మనిషి. అడిగినా అడక్కపోయినా నలభై కోత పెట్టమంటే ఒప్పుకుంటాడా? "కారు చెప్పింది చెప్పినట్టు చూపించాలి. తరుగు లేదు, గిరుగు లేదు" అని నలభైని కొట్టేశాడు.

నూట పది దాటితే హెచ్చరిక మోగాలని పెట్టాడు. హెచ్చరికకి మన గొంతే రికార్డు చేసుకోవచ్చని తెలిసి భార్యని పిలిచాడు.

"ఫోనులో కాస్త గట్టిగా 'ఏమండీ, కాలిపోతోంది!' అను."

"ఏం కాలిపోతోంది?"

"ఏదీ కాలిపోవట్లేదు. అను."

ఆవిడ అన్నది. నలభై ఏళ్ల కాపురం, ప్రాణం పెట్టి అన్నది. మేడ మీద అద్దెకుండే కంపౌండరు తడి తలతో తువ్వాలు చుట్టుకుని కిందికి పరుగెత్తుకొచ్చాడు.

మర్నాడు పొద్దున్న, చుట్టపుచూపుగా వచ్చిన భార్య అక్కగారిని రైలెక్కించాలి. స్టేషను పద్దెనిమిది కిలోమీటర్లు, రైలు పదకొండింటికి. ఎనిమిదింటికే బయల్దేరారు. ఏడో కిలోమీటరు దగ్గర ఫోను అరిచింది.

"ఏమండీ, కాలిపోతోంది!"

"నేననలేదు" అంది పక్కనున్న భార్య.

ఆయన కారు పక్కకి తీసి, బానెట్ ఎత్తి, దినపత్రికతో విసరడం మొదలుపెట్టాడు. పెట్రోలు బంకు ముందు ఆపాడేమో, అక్కడి కుర్రాళ్లు కాలిపోతోంది అన్న కేక విని ఎర్ర బకెట్లతో ఇసక పట్టుకొచ్చారు. సర్దిచెప్పి పంపేసరికి ఇరవై నిమిషాలు. మళ్లీ కదిలితే రెండు కిలోమీటర్లకే మళ్లీ కేక. ఈసారి సిగ్నల్ దగ్గర. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల ఊదుకుంటూ వచ్చి, ముందు ఆడవాళ్లనిద్దరినీ దింపి, తర్వాత బిత్తరపోయి చూశాడు.

"ఏం కాలుతోందండీ?"

"గేర్‌బాక్సు. నూట పదకొండు" అని ఫోను చూపించాడు మిల్లీగ్రాము గారు.

కానిస్టేబులు వంగి కారు కింద చూశాడు, వాసన చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు. "కాలట్లేదే" అన్నాడు.

"మీ చేతికి ఐఎస్ఐ ముద్ర ఉందా?" అని అడిగాడు ఈయన. అందుకు జరిమానా పడకపోవడం వదినగారి పుణ్యం. ఆవిడ దణ్ణం పెట్టి బతిమాలింది.

ఇంకో నాలుగు చోట్ల ఆగారు. నాలుగోసారి అరిచింది ఫోను కాదు. భార్య నిజంగానే ఏదో అడగబోయింది, "ఏమండీ" అనేసరికి ఆయన బ్రేకు తొక్కి బానెట్ ఎత్తాడు. దాహం వేసి మంచినీళ్ల సీసా అడగబోయిందట. స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయి అరగంట. మళ్లీ రిజర్వేషను తొమ్మిది రోజులకి గానీ దొరకలేదు.

"పోన్లెండి మరిదిగారూ, ప్రాణాలతో ఉన్నాం" అంది వదినగారు. ఆ మాటలో ఉన్న కారం ఏ యాప్‌కీ అందేది కాదు.

బావమరిది కారు కింద దూరి నూనె మార్చాడు, మళ్లీ దూరి నూనె వడకట్టే జల్లెడ మార్చాడు. "బావా, ఈ గేర్‌బాక్సు నాకంటే ఆరోగ్యంగా ఉంది" అన్నాడు. ఫోను మాత్రం ఏడో కిలోమీటరుకి ఏడుస్తూనే ఉంది. మిల్లీగ్రాము గారు భోజనం తగ్గించాడు.

నాలుగో పొద్దున వదినగారు కాఫీ గ్లాసుతో వచ్చి, ఇంకా స్టార్టు చెయ్యని కారులో ఆయన పక్కన కూర్చుంది. తాళం తిప్పితే డయళ్లు వెలిగాయి. ఆవిడ అంకెలు చదివింది.

"ఇంజను ఇరవై ఎనిమిదిట. గేర్‌బాక్సు అరవై ఎనిమిదిట. రెండూ ఒకే కారులోనివేనా మరిదిగారూ? రాత్రంతా నీడలో ఉన్న ఇనుము అరవై ఎనిమిదేమిటి?"

ఏ కొట్టుకి వెళ్లినా ముందు ఖాళీ తక్కెడ చూడటం ఆయన వృత్తి. సొంత తక్కెడ ఖాళీగా చూసుకోలేదు. గబగబా బావమరిదికి ఫోను చేసి, నలభై సంగతి చెప్పాడు.

"ఫార్ములాలో మైనస్ నలభై కొట్టేశారా! బావా, ఆ సెన్సారుకి సున్నా కింద అంకె చెప్పడం రాదు. అందుకని చలి కూడా చెప్పడానికి ముందే నలభై కలిపి పంపుతుంది. మనం తియ్యాలి. అది తరుగు కాదు, ధడా."

ధడా! నూనె డబ్బా బరువు తీసెయ్యకుండా నూనె తూచే షావుకారుకి ఈయనే కదా నోటీసులిచ్చింది! ఆ పూటే తెల్లకాగితం మీద తన పేర, తన చిరునామాకి ఒక నోటీసు రాశాడు. ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వమన్నాడు. సంజాయిషీ రాశాడు. అది తృప్తికరంగా లేదని తిరగ్గొట్టాడు కూడా. "ఈయన్ని ఇలా వదిలేస్తే అప్పీలుకి పోతారు" అని భార్య ఆ కాగితాలు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఫార్ములాలో మైనస్ నలభై మళ్లీ చేరింది. ఆపైన గేర్‌బాక్సు ఎనభై ఐదు దాటింది లేదు. వదినగారిని తొమ్మిదో రోజున స్టేషనుకి రెండు గంటలు ముందే చేర్చాడు. ఆవిడ మాత్రం రైలు కదిలేదాకా ఆయన వంక అనుమానంగానే చూసింది.

తర్వాత భార్య ఒక నిర్ణయానికి వచ్చింది. రోడ్డు, అంకెలు, రెండూ ఒక మనిషి చూడటం కుదరదని తేల్చి, అరవై రెండో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటిసారి పరీక్షలో స్తంభాన్ని తాకింది, రెండోసారి నెగ్గింది. ఇప్పుడు ఆవిడ నడుపుతుంది. ఆయన పక్క సీట్లో ఫోను ఒళ్లో పెట్టుకుని అంకెలు చదువుతుంటాడు, ఎనభై ఒకటి, ఎనభై రెండు, ఎనభై రెండు. ఆవిడ ఊ కొడుతూ, ఒక్కటీ వినకుండా, హాయిగా గేరు మారుస్తుంది.