నేను పీకేసిన తోట

ఆ కాలంలో నా లెక్కన మొక్కలు రెండే రకాలు: కూటికొచ్చేవి, పీకి పారేసేవి. కలుపు తీయడంలో చిత్తూరు చుట్టుపక్కల నన్ను మించిన మనిషి లేదని నాకు నేనే చెప్పుకునేదాన్ని (ఎవరూ కాదనలేదు, అడిగితే గదా). యుద్ధం రోజులు, కూలి దొరకడమే గగనం. అప్పుడు మా బెల్లం మండీ అయ్య తన సొంత నేలను ఊరికి తోటగా రాసిచ్చాడు. బడి పిల్లలు వచ్చి చెట్టూచేమా చూసి నేర్చుకోవాలని ఆయన పట్టుదల. "బెల్లం అమ్ముకునేటోడు ఆకులు పెంచుతాడంట" అని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వి, తోట తయారయ్యాక అక్కడే కలుపు తీసే పనికి కుదిరాను.

తోట తెరిచే ముందురోజు, ఎవరూ చెప్పకుండానే, మూల మడుల్లో ఒత్తుగా ఉన్న నేల ఉసిరి, తుమ్మి, గలిజేరు, ఉత్తరేణి వేళ్ళతో సహా లాగి మేకలకు వేశాను. మడికొక పేరు పలక ఉంది. ఉంటే నాకేం? (నాకు అక్షరాలు వచ్చింది ముగ్గురు బిడ్డల తల్లినయ్యాక.) మర్నాడు పొద్దున్నే అయ్య వచ్చి కొయ్యబారిపోయాడు.

"ఏమ్మే, ఈడ మొక్కలేమైనాయి?"

"కలుపు సామీ. శుభ్రంగా పీకినాను," అన్నాను, మెచ్చుకుంటాడని.

"కలుపు కాదే తల్లీ, మందు మొక్కలు! ఇంకో జాముకు పిల్లోళ్ళు వస్తారు. వాళ్ళకేం సూపించేది?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి నా పని ఊడినట్టేనని అర్థమైంది. "ఇవా సామీ? చెరుకు గెనాల మీద, గట్టు గట్టంతా కుప్పలుగా ఉండాయి, గంప ఇయ్యి!" అని పరుగెత్తాను. గంపెడు తెచ్చి తోచిన మడిలో తోచింది నాటి నీళ్ళు పోసేలోగా పిల్లలు రానేవచ్చారు. ఒక పాప గలిజేరు ముందు నిలబడి పలక చూసి "తుమ్మి" అని చదివింది. నాకు ఒళ్ళు మండింది.

"పలకను కాదు పాపా, ఆకును సూడు! తుమ్మికి తెల్లపువ్వుంటాది, పీలిస్తే తేనె. నేల ఉసిరి ఆకు తిప్పు, కిందంతా కాయలే. అదో, నీ లంగాకు అంటుకున్న ముల్లే ఉత్తరేణి."

పిల్లలు ఆకులు తిప్పారు, పువ్వులు పీల్చారు, నన్ను చుట్టేశారు. బెత్తం పట్టుకున్న పంతులు కూడా వంగి చూశాడు. అయ్య పకపకా నవ్వి, "ఆ పలకలు పెరికేయండప్పా! మే, రేపట్నుంచి పార పక్కన పెట్టు. పిల్లోళ్ళకు నువ్వే సెప్పాల," అన్నాడు.

ఆరోజు ఊరేగింపు దేవుడిలా మెడెత్తుకుని ఇంటికి నడిచాను. నెలల తరబడి ఆయన పెంచినదంతా పీకేసి, తప్పయిందని ఒక్క మాటైనా అనలేదు. అప్పటి నేను, ఆ పొగరుపిల్ల, ఇప్పుడు ఎదురైతే నాలుగు తిట్టి, ఆనక ముద్దు పెట్టుకుంటాను.