జగపతి అడిగే రెండు ప్రశ్నలు

మా జగపతి ముందు ఎవరు ఏ మాటన్నా, అది రెండు ప్రశ్నలు దాటనిదే ముందుకు పోదు: "ఒకటా, శానానా? ఉండాల్నా, ఉండొచ్చా?"

మేమిద్దరం ఊరి బళ్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. నేను ఏడో తరగతి ఫస్టున పాసయ్యాను, రెండుసార్లు వార్డు మెంబరునయ్యాను. కొత్తగూడ అడవి అంచున ఉన్న మా ఊరికి మొదటి బోరు వేయించిందీ, మొదటి సెల్‌ఫోను తెచ్చిందీ నేనే. జగపతి పట్నం పోయి ముప్పై ఏళ్లు కంప్యూటర్లకు పట్టికలు గీసి, రిటైరై వస్తూ ఈ రెండు ప్రశ్నలు తెచ్చాడు.

"గదేం పనిరా?" అని ఒకసారి అడిగాను.

"కాటమయ్యా, కంప్యూటర్‌కు లోకం తెల్వదు. మనం చెప్పిన మాటే దానికి లోకం. మనిషి, ఊరు, ఫోను... ఇయ్యి పెట్టెలు. ఉంటడు, పోతడు, మాట్లాడ్తడు... ఇయ్యి తాళ్లు. ఏ పెట్టెకు ఎన్ని తాళ్లో, ఏ తాడు తప్పకుండ ఉండాల్నో ముందుగాల అడగకుంటే మూట ఊడిపోతది."

మా మేనకోడలు రాణి పెళ్లిలో అయ్యగారు "పెళ్లికొడుకును తీసుకురండి" అనగానే జగపతి లేచి, "ఒక్కడా, శానమందా?" అన్నాడు. మగపెళ్లివాళ్లు కొట్లాటకు చొక్కా చేతులు పైకి మడిచారు. ఆరోజు అతన్ని కాపాడింది నా మెంబరు పదవే.

ఇంట్లోనూ అంతే. "పెండ్లాం, ఇంటామె, ఇల్లాలు. ఒక్క మనిషికి మూడు పేర్లెందుకు? ఒకటి ఖాయం చెయ్యి" అన్నాడట భార్యతో. భూలక్ష్మి పళ్లెం ముందుకు తోసి, "ముగ్గురం కలిసి ఒక్క కూరే వండినం. తిను" అంది.

దొరికిన ప్రతి జవాబునూ పాత శుభలేఖల వెనక రాసి బిస్కెట్ల రేకు డబ్బాలో వేసుకునేవాడు.

ఈ వానాకాలం మా దవాఖానకు వసంత అనే కొత్త నర్సు, ఆమెతోపాటు కొత్త కంప్యూటర్ రిజిస్టరూ వచ్చాయి. అందులో ప్రతి మనిషికీ ఫోను నెంబరు కావాలి. చుట్టుపక్కల నాలుగు తండాల్లో సిగ్నల్ రాదు, గుట్ట మీదున్న మా ఇంటికే వస్తుంది. అందుకని ఇరవై ఆరుగురు నా నెంబరే ఇచ్చారు. నేను మీసం దువ్వుకున్నాను.

జగపతి మాత్రం వసంతను అడిగాడు. "బిడ్డా, ఒక ఫోనుకు ఒక్క మనిషా, శానమందా?"

"మామా, ఎనక లైనున్నది. జర జరుగు."

జగపతి జరిగాడు. మేమంతా నవ్వాం. ఆనాటి నుంచి డబ్బా చంకన పెట్టుకుని తండాలు పట్టి తిరగడం మొదలుపెట్టాడు. అందుకూ నవ్వాం.

పది రోజులకు ముసురు పట్టింది. వాగు పొంగితే మా ఊళ్లకు దారి ఉండదు కాబట్టి, నెలలు నిండిన ఆడవాళ్లను ముందుగానే మానుకోట పెద్ద దవాఖానకు తరలిస్తారు. ఆ పొద్దున అంబులెన్సు వచ్చి మా వాకిట్లోనే ఆగింది. డ్రైవర్ సాయి స్ట్రెచర్ దించుతూ అరిచాడు.

"కాటమయ్య ఎవరు? తొమ్మిదో నెలంట, జల్ది ఎక్కాలె!"

"నేనే కాటమయ్యను."

సాయి నా మీసం చూశాడు, తర్వాత పొట్ట చూశాడు. "పేరెట్లున్నా, నెల మాత్రం సరిగ్గనే రాసిన్రు తాతా."

వాడకట్టంతా విరగబడి నవ్వింది. వెనకే దిగిన వసంత మాత్రం నవ్వలేదు. అసలు సంగతి ఆమే చెప్పింది. ఆ రిజిస్టరు ఒక ఫోనంటే ఒక మనిషే అనుకుందట. నా నెంబరుతో కొత్త పేరు ఎక్కినప్పుడల్లా పాత పేరు చెరిపేసింది. చివరగా బీపీ గోలీలకు పోయిన నా పేరు మిగిలింది, నాకు నెల రాసేది లేదు కాబట్టి అది మాత్రం ఇంకెవరిదో అట్లాగే ఉండిపోయింది.

"మరి ఆ ఆడబిడ్డ ఎవలు?" అన్నాను.

"యాదికొస్తలేదు మామా. నేనొచ్చి పది దినాలే. ఒక్కరా, ఇద్దరా..." అంది వసంత.

"వాగు మోకాలు దాటింది. అర్ధగంటల మళ్లాలె" అన్నాడు సాయి.

అప్పుడొచ్చాడు జగపతి. గొడుగు డబ్బాకు పట్టి, తాను నిలువునా తడిసి. మొదటిసారి ఏ ప్రశ్నా వేయలేదు. రెండు శుభలేఖలు తీసి వసంత చేతిలో పెట్టాడు. రెడ్యా కోడలు సంగీత, చింతల తండా, తొమ్మిదో నెల. నవ్య, గుట్టకింది తండా చివరిల్లు, తొమ్మిదో నెల.

అంబులెన్సు ఇద్దరినీ ఎక్కించుకుని పోయింది. మేమంతా నా ఫోను చుట్టూ నిలబడ్డాం. గంటకు మోగింది. "వాగు దాటినం తాతా!" అన్నాడు సాయి. నేను జగపతి వైపు తిరిగాను.

"ఎప్పుడు రాసినవురా గివన్ని?"

"వసంత జరుగుమన్న దినం సంది. పాపం, ఆ పిల్లకు తీరిక లేకుండె, నాకుండె. ఇరవై ఆరుగురు ఉండాల్నా, ఉండొచ్చా అని నన్ను నేనే అడుక్కున్న. అందరు ఉండాలె గదరా."

మూడో రోజు మానుకోట నుంచి రెడ్యా ఫోన్ చేశాడు. "కాటమన్నా, కోడలు కాన్పయింది!"

జగపతి నోరు తెరిచేలోపే వాడకట్టంతా ఒక్కసారే అరిచింది. "ఒకటా, శానానా?"

"ఒక్కతే! బంగారమసొంటి మనుమరాలు!"

ఇప్పుడు వసంత రిజిస్టరులో ఒక ఫోనుకు ఎందరైనా ఉండొచ్చు. దాన్ని సరిచేయించేటప్పుడు ఆమె జగపతికి కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

నిన్న అతను లేనప్పుడు డబ్బా తీసి నా కార్డు వెతికాను. బోరు గురించీ, వార్డు మెంబరు గురించీ ఒక్క ముక్క లేదు. ఇలా ఉంది:

"కాటమయ్య. దోస్తు. ఒక్కడే. ఉండాలె."

కింద వేరే సిరాతో: "గర్భిణి కాదు. నేనే చూసిన."