సుశీలమ్మ ఫోన్ మా టీవీకి కలిసిన రాత్రి

తూకంలో ఒక గ్రాము అటూ ఇటూ చేసి ఉంటాను. బేరంలో వంద అబద్ధాలు ఆడి ఉంటాను. కల్లూరులో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి, కాదనను. కానీ ఇప్పుడు చెప్పేదాంట్లో కల్తీ లేదు. నమ్మకపోతే మానేయండి... దొంగ అని మాత్రం అనకండి. ఇప్పటికే అన్నవాళ్లు చాలు.

మణుగూరులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకుని, అడవి మొదలయ్యే చోట ఇల్లు కిరాయికి తీసుకున్నాను. ఒకే కప్పు కింద రెండు వాటాలు. పక్క వాటాలో ప్రకాశం కాకా, ఆయన భార్య సుశీలమ్మ. కాకా బొగ్గు గనిలో చేసి రిటైరయ్యాడు. రెండిళ్లకూ ఒకే వైఫై చాలని కుదిర్చింది నేనే. పెద్ద తెలివి! సుశీలమ్మ చర్చిలో పాడే పాటలు ఫోన్‌లో రికార్డు చేసుకునేది. తన గదిలో కూర్చుని నొక్కితే నా టీవీలో మోగేవి. తర్వాత తాపీగా వచ్చి మా ఇంట్లో కూర్చుని వినేది.

ఎండాకాలంలో ఆమె పోయింది. శవపెట్టెలో బైబిలు, కళ్లజోడు పెట్టారు. "ఫోన్ గూడ పెట్టు సేటూ. అది లేకుంటే ముసల్దానికి తోచది" అన్నాడు కాకా. సేటు అంటే నేనే, ఎగతాళి పేరు. అప్పుడైనా నా నోరు ఊరుకుందా?

"మంచిగ పనిచేసే ఫోను కాకా... మట్టిల ఎందుకు?"

నలుగురూ విన్నారు. కొట్టు బుద్ధి! సిగ్గుపడి, నా చేత్తోనే ఆమె చేతి పక్కన పెట్టాను. పెట్టాను. మేకులు కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

మూడు నెలలు గడిచాయి. ఆ రాత్రి వాన. మా ఆవిడ తిరుమలాయపాలెంలో పుట్టింట్లో ఉంది. నా ఫోన్‌లోంచి టీవీకి సినిమా పెట్టుకుని చూస్తున్నాను. సగంలో ఆగింది. తెర నల్లబడింది. నెట్ వాణ్ణి తిట్టడం మొదలుపెట్టాను... అప్పుడు వచ్చాయి, తెల్లటి అక్షరాలు.

సుశీల ఫోన్... కనెక్ట్ అవుతోంది.

కింద చిన్న గుండ్రం. తిరుగుతోంది... తిరుగుతోంది... ఆగింది.

బొమ్మ లేదు. నలుపే. శబ్దం మాత్రం ఉంది. ముందు గరగర. తర్వాత టప్... చెక్క మీద ఏదో రాలినట్టు. టప్... మా రేకుల మీద వానేమో అనుకున్నాను. వానైతే ఆగకుండా పడుతోంది. ఇది ఆగి... ఆగి... పడుతోంది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఊఁ... అందరున్నరా?"

పాడేముందు సుశీలమ్మ అనే మాట. ప్రతి రికార్డులోనూ ఉంటుంది. పాట మొదలైంది. మెల్లగా... ఆయాసంగా... మధ్యమధ్య గాలి కోసం ఆగుతూ. ఆమె పాటలన్నీ నాకు నోటికి వచ్చు. ఇది వాటిలో లేదు.

తలుపు దబదబ మోగింది. పాట ఆగిపోయింది. కాకా! తడిసి ముద్దయ్యాడు.

"ఏంది సేటూ ఇది? మా ముసల్ది నీ టీవీల ఎట్ల పాడుతుంది?"

"నాకేం తెల్వది కాకా! నేనేం నొక్కలే."

"పెట్టెల ఫోన్ నువ్వే గద పెట్టింది. పెట్టినవా... జేబుల ఏస్కున్నవా?"

ఒళ్లు మండిపోయింది. భయం కూడా మర్చిపోయాను.

"కొత్తిమీర కట్టకాడ రూపాయి గీకుత, అవ్, గీకుత! పీనుగ కాడ గీకుతనా? ఎతుక్కో ఇల్లంత!"

వెతికాడు. బీరువా, బియ్యం డబ్బా, నా చొక్కా జేబులు. తెర మీద ఆమె పేరు అలాగే వెలుగుతోంది. ఏమీ దొరకలేదు.

"పొద్దున పాస్టర్‌ను అడుగుదాం. తవ్విద్దాం. లోపట ఫోన్ ఉంటే నేను దొంగను కాదు. ఏమంటవ్?" అన్నాను, ఇంకా బుసకొడుతూ.

కాకా కుర్చీలో కూలబడ్డాడు.

"ఉంటే?" అన్నాడు. "ఉంటే... ముసల్ది లోపట మేల్కొనే ఉన్నట్టు గద బిడ్డా. చీకట్ల. ఒక్కతే."

కాకా నా వైపు తిరిగాడు.

"నువ్వే తీసినవని చెప్పు. నీ కాల్మొక్కుత. నువ్వు దొంగవైతే నాకు నిద్ర పడతది."

ఇంత అన్యాయపు బేరం నాకెప్పుడూ తగల్లేదు. అరిచాను. కుదరదన్నాను. ఆయన చేతులు జోడించి అలాగే చూస్తున్నాడు. గడ్డంలోంచి నీళ్లు కారుతున్నాయి... వానవో, కావో.

"తీసిన" అన్నాను.

"అమ్మినవా?"

"ఎవరో లారీ డ్రైవర్‌కు. దాంట్ల మన వైఫై ఉంది గద, ఇంటి ముంగట బండి ఆపి నొక్కిండేమో."

"ఎంతకు?"

"ఎనిమిది వందలకు."

"గంతేనా? థూ! నువ్వేం సేటువిరా?" అని నా చెంప మీద ఒక్కటిచ్చి వెళ్లిపోయాడు. కాసేపటికి గోడ అవతల గురక మొదలైంది.

కాకా నోటి పుణ్యమా అని ఇప్పుడు వీధంతటికీ నేను పీనుగ దొంగను. గిన్నె కొనడానికి వచ్చి, "ఇది ఎవరి పెట్టెలది సేటూ?" అని నవ్వుతారు. నవ్వి, పది రూపాయలు తగ్గించమంటారు! పళ్లు కొరుక్కుని ఊరుకుంటున్నాను.

లారీ లేదు. డ్రైవర్ లేడు. సమాధులు ఇంటికి రెండు కిలోమీటర్లు. మర్నాడే వెళ్లి చూశాను, ఆ మట్టి ఎవరూ కదపలేదు. టీవీకి పాత ఫోన్ల పేర్లు గుర్తుంటాయని మెకానిక్ అన్నాడు. సరే, పేరు గుర్తుంది. పాట?

ఆ పాట ఆమె బతికుండగా ఎప్పుడు నేర్చుకుందో తెలిస్తే నాకూ కొంత నిద్ర పట్టేది. తెలిసినవాడు కాకా ఒక్కడే. అడగలేను. ఫోన్ అమ్ముకున్నవాడికి పాటతో పనేంటి? అడిగితే... నేను తీయలేదని ఆయనకు తెలిసిపోతుంది.