తెరెసా టీచరు చెప్పిన అర్థం

కృష్ణానగర్ పిల్లలు చదువుకునే ప్రాథమికోన్నత పాఠశాలలో నేను లెక్కలు చెబుతాను. పక్క గదిలో తెరెసా ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెబుతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్యాథలిక్ కుటుంబం వాళ్ళది. భర్త జేవియర్ ఫిల్మ్ నగర్‌లో స్టూడియో వ్యాన్ నడుపుతాడు. మా రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఆమె పాఠం సగం నాకూ వచ్చు.

పుస్తకంలోని మాటల కంటే ముందు పిల్లల చెవిలో పడ్డ మాటలు నేర్పాలని ఆమె పట్టుదల. మా పిల్లల అమ్మానాన్నలు డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, జూబ్లీ హిల్స్ ఇళ్ళలో వంటవాళ్ళు. ప్యాకప్, కాల్‌షీట్, డూప్ లాంటి మాటలు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నవాళ్ళే. రోజూ ఒక్కొక్కరు తాము విన్న ఇంగ్లిష్ మాట ఒకటి చీటీ మీద తెలుగులో రాసి బిస్కెట్ డబ్బాలో వేయాలి. తెరెసా ఒక్కో చీటీ తీసి, బోర్డు మీద స్పెల్లింగ్ రాసి, అర్థం చెప్పి, తర్వాతి చీటీకి వెళ్ళిపోయేది. పీరియడుకు నలభై మాటలు. ఆ వేగమంటే ఆమెకు గర్వం. "ఏడో తరగతి దాటేసరికి మా పిల్లలకి వెయ్యి మాటలొస్తాయండీ" అనేది.

కరోనాకు మూడేళ్ళ ముందు, జూలైలో ఒక గురువారం. చీటీ తీసి చదివింది. "వెంటిలేటర్. ఎవరిదమ్మా?"

ఆరో తరగతి భువన లేచి నిలబడింది. లైట్‌మన్ రాములు కూతురు. రెండు రోజులు బడికి రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఎవరమూ అడగలేదు.

తెరెసా గోడ పైకి చూపించింది. "అదిగో, ఆ చిన్న కిటికీ. వెంటిలేటర్ అంటే అదే."

భువన దాన్ని చాలాసేపు చూసింది. "గాలి కోసమేనా టీచర్?"

"గాలి కోసమే. కూర్చో."

ఆ పిల్ల ముఖం విప్పారింది. తలుపు ఇవతల నుంచి ఆ మాటలు నేనూ విన్నాను. నాకూ ఏ అనుమానమూ రాలేదు.

అంతకు మూడు రోజుల ముందు ఒక సెట్లో ఎత్తు మీద నుంచి రాములు పడ్డాడు. ఆస్పత్రిలో యంత్రం పెట్టి ఊపిరి అందిస్తున్నారు. ఆ సంగతి మా బడిలో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం భువన తల్లి మనోజ, నర్సును బతిమాలి, పిల్లకు తండ్రిని చూపించడానికి ఒప్పించుకుని ఇంటికి వచ్చింది. భువన వెళ్ళలేదు. నాన్నను కిటికీ పక్కన పడుకోబెట్టారు, గాలి బాగా తగులుతుంది, టీచర్ చెప్పింది, రేపు పరీక్ష ఉంది, ఆదివారం వస్తాను అన్నది.

శుక్రవారం మధ్యాహ్నం రాములు చనిపోయాడు.

శనివారం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. ఇరుకు గది నిండా జనం. మనోజ గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టాలావిడ ఎవరో పిల్ల ఆస్పత్రికి ఎందుకు పోలేదో మాతో చెప్పింది. తప్పు పట్టే ఉద్దేశం ఆవిడకు లేదు, జరిగింది చెప్పిందంతే. తెరెసా నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు భువన మా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"కిటికీ అని చెప్పిన్రు గద టీచర్?" అన్నది.

వారం తిరక్కుండానే మనోజ టీసీ తీసుకుని, పిల్లతో సహా బోరబండలో అన్న ఇంటికి మారిపోయింది.

తెరెసా ఆ డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. నెల రోజులు పుస్తకంలో పాఠాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. చర్చిలో ఫాదర్‌కు చెప్పుకుంది. తెలియక చెప్పినది పాపం కాదన్నారట. "మరైతే ఏంటండీ అది?" అని ఆయన్నే అడిగి వచ్చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాతో అన్నది: "బోర్డు వైపు తిరిగితే వెనక నుంచి వినిపిస్తుంది రాజ్యలక్ష్మిగారూ. గాలి కోసమేనా టీచర్ అని. తిరిగి చూస్తే పిల్లలందరూ తల వంచుకుని రాసుకుంటుంటారు." బోర్డు వైపు తిరగడం మానేసింది. పక్కకు నిలబడి, ఒక కన్ను పిల్లల మీద ఉంచి, వంకర టింకరగా రాసేది. హాజరు పిలిచేటప్పుడు రిజిస్టర్‌లో లేని పేరు దగ్గర ఆగేది. భువన కూర్చున్న చోట ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు. పిల్లలు అక్కడికి వెళ్ళడానికి భయపడడం మొదలైంది. ఇది మంచిది కాదని నేను గట్టిగా చెప్పాక ఆ బెంచీ తీయించింది.

నెల తర్వాత డబ్బా మళ్ళీ బయటికి వచ్చింది, కొత్త షరతుతో. మాట ఒక్కటే రాస్తే చాలదు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, అప్పుడు అక్కడ ఏం జరుగుతోంది, అన్నీ చెప్పాలి. అవి విన్నాకే అర్థం చెప్పేది. నలభై మాటలు ఆరుకు పడిపోయాయి. కొన్ని రోజులు ఒక్క మాటతోనే పీరియడ్ అయిపోయేది. ప్రణతి అనే పిల్ల 'బయాప్సీ' తెచ్చింది. ఎవరన్నారంటే, అమ్మ ఫోన్లో ఏడుస్తూ అన్నదని చెప్పింది. తెరెసా ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి, తల్లిని కూర్చోబెట్టుకుని, పిల్లకు ఎంత చెప్పాలో ఆవిడతో కలిసి నిర్ణయించుకుంది. మాటల లెక్క తగ్గిందని హెడ్మాస్టరు మందలించారు. "తగ్గుతుంది సార్" అని ఊరుకుంది.

తర్వాత కరోనా వచ్చింది. ఏ చానెల్ పెట్టినా ఆ మాటే. ఆస్పత్రుల్లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఖాళీ, ఎంతమంది వాటి మీద ఉన్నారు. జేవియర్ టీవీ కనెక్షన్ పీకేశాడు. పక్క వాటాలోంచి వినిపించేది. ఆ ఏడాది ఆమె జుట్టు బాగా నెరిసింది.

పోయిన ఫిబ్రవరిలో జేవియర్ మరచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి తెరెసా ఫిల్మ్ నగర్ వెళ్ళింది. స్టూడియో గేటు దగ్గర బట్టల మూటలు దించుతున్నావిడ ఆగి చూసింది. మనోజ. ఇప్పుడు కాస్ట్యూమ్స్‌లో పనిచేస్తోంది.

"మంచిగున్నరా టీచరమ్మా?"

తెరెసా ఏడేళ్ళుగా దాచుకున్నదంతా అక్కడే నిలబడి చెప్పేసింది. మనోజ అడ్డు చెప్పకుండా విన్నది.

"నాకు ముందే ఎరుక టీచరమ్మా," అన్నది చివరికి. "మిషిన్ మీద ఉన్నడు, ఆశ లేదని డాక్టర్ పొద్దుగాలనే చెప్పిండు. పిల్ల కిటికీ కిటికీ అనుకుంట నవ్వుతుంటె నాకు నోరు రాలే. ఒక్క దినమన్న నవ్వనీ అనుకున్న. మీది కాదు, నాదే తప్పు."

"భువన ఎలా ఉంది?"

"డిగ్రీల చేరింది. మంచిగ చదువుతది. కని ఎవ్వర్నీ ఏం అడగది. ఏ మాటైనా ఫోన్ల చూసుకుంటది. ఒక్క కాడ చూసి నమ్మది, నాలుగు కాడ్ల చూస్తది."

కలవడానికి రావచ్చా అని తెరెసా అడిగింది. బిడ్డను అడిగి చెప్తానన్నది మనోజ. ఫోన్ నంబర్లు మార్చుకున్నారు.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. అప్పుడు మేమిద్దరం స్టాఫ్ రూమ్‌లో ఉన్నాం. తెరెసా లేచి నిలబడి మాట్లాడింది.

"ఇప్పుడైతే వద్దంటుంది టీచరమ్మా. కోపమైతే లేదంట, గదే చెప్పుమన్నది."

"సరేనమ్మా. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రమ్మను" అన్నది తెరెసా.

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. తల్లికి ముందే తెలుసు కదా, ఇకనైనా మనసు తేలిక చేసుకోమన్నాను.

"ఆవిడకి తెలుసండీ. ఆ పిల్లకి తెలీదుగా," అన్నది. "కోపమున్నా బాగుండేది. వచ్చి నాలుగు తిట్టి పోయేది."

బెల్లు కొట్టారు. ఏడో తరగతి పిల్లలు వరండాలోకి వచ్చి ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ముఖం కడుక్కుని వెళ్ళింది.